మిడ్‌వైఫ్ ఉద్యోగం: అన్నీ అడిగాకే చేరండి

కాన్పు అంటే వరంగల్ వాళ్లకు సీకేఎం ఆసుపత్రి, హనుమకొండ వాళ్లకు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి (జీఎంహెచ్) గుర్తొస్తాయి. అలాంటి చోట లేబర్ రూములో పనిచేయాలనుకునే నర్సింగ్ విద్యార్థినులు మొదట అడిగేది, "స్టార్టింగ్ ఎంతిస్తారు సార్?" అని. అడగాల్సిందే. దాంతోపాటు ఆ జీతం ఇచ్చేదెవరు, ఏ తేదీకి పడుతుంది, నేర్చుకున్న పనే చేయనిస్తారా అనీ అడగండి. చేరిన రెండేళ్లకు మీరు అక్కడ ఉంటారా, వెళ్లిపోతారా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడుతుంది.

జీఎన్ఎంలో చివరి 'ఎం' మిడ్‌వైఫరీయే. మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైతే నర్సూ మీరే, మిడ్‌వైఫూ మీరే. పోస్టు మాత్రం నర్సుదే! చిక్కంతా ఇక్కడుంది: నర్సుగా మిమ్మల్ని ఏ వార్డుకైనా పంపొచ్చు. మిడ్‌వైఫ్‌ల అవసరం మాత్రం చాలానే ఉంది. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ప్రైవేటులో అయితే 81.5 శాతం. సాధారణ కాన్పులు పెంచాలని 2017లోనే కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం మార్గదర్శకాలిచ్చి 18 నెలల 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' కోర్సు తెచ్చింది.

సహజ కాన్పుకు గంటల తరబడి తల్లి పక్కనే ఉండాలి. ఒక్క నర్సు ముగ్గురిని చూసుకోవాల్సిన రాత్రి అది కుదిరే పని కాదు. పైగా సిబ్బంది చాలడం లేదంటూ శిక్షణ పొందిన ఆమెను జ్వరాల వార్డుకు పంపితే, పద్దెనిమిది నెలలు నేర్చినదంతా ఏమైనట్టు? జీతం పెంచినా ఆ కష్టం తీరదని నా అభిప్రాయం.

ఇక కాంట్రాక్టు సంగతి. 2023 ఆగస్టులో తెలంగాణ సబ్ సెంటర్లలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రెండో ఏఎన్ఎంలు రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగారు. ఒకే సబ్ సెంటరు, అవే టీకాలు, అవే గర్భిణుల రిజిస్టర్లు. ఒకామె రెగ్యులర్, పక్కనున్నామె ఏళ్ల తరబడి కాంట్రాక్టు. రెగ్యులర్ పోస్టుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్లలో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు స్కేలు 36,750-1,06,990. 1,931 ఏఎన్ఎం పోస్టులకు 31,040-92,050. వందలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 దాకా ప్రభుత్వ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. అంటే కాంట్రాక్టులో చేరడం తప్పేమీ కాదు, కానీ సర్వీసు సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు తీసుకుని దాచుకోండి. ఏజెన్సీ ద్వారా చేరితే పీఎఫ్ ఖాతాలో డబ్బు నెలనెలా పడుతోందో లేదో ఫోనులోనే చూసుకోవచ్చు.

ప్రైవేటులో బేరానికి ఒక కొలబద్ద ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2016లో ఏర్పడిన నిపుణుల కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపు చోట కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది సిఫార్సే గానీ, గుర్తుపెట్టుకుని మాట్లాడితే మీ మాటకు బరువుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చోటికి మాత్రం వెళ్లకండి.

విదేశాల మాటా అడుగుతారు. ప్రపంచానికి ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు కావాలని 2021లో అంతర్జాతీయ నివేదిక చెప్పింది. అయితే బ్రిటన్‌లో నర్సు రిజిస్ట్రేషన్ వేరు, మిడ్‌వైఫ్‌ది వేరు. ఒకటుంటే రెండోది దానంతటదే రాదు.

ఇంటర్వ్యూ అయ్యాక లేబర్ రూము దాకా వెళ్లి, నైట్ డ్యూటీ దిగుతున్న నర్సును "రాత్రి ఎన్ని కాన్పులయ్యాయక్కా, మీరెంతమంది ఉన్నారు?" అని అడగండి. జీతం ఏ తేదీన పడుతుందో కూడా ఆమెనే అడిగి, ఆఫీసులో చెప్పిన తేదీతో సరిపోయిందో లేదో చూసుకోండి.