చీకట్లో బూచాడు ఎక్కడి నుంచి వస్తాడు?

2001 మే నెలలో ఢిల్లీకి రాత్రిళ్లు నిద్ర కరవైంది. ఎండలు మండిపోతున్న రోజులు. కరెంటు కోతలతో జనం మేడల మీద పడుకునేవారు. కోతిలాంటి వింత జీవి ఏదో చీకట్లో వచ్చి రక్కిపోతోందన్న వదంతి ముందు ఘాజియాబాద్‌లో పుట్టి, తర్వాత తూర్పు ఢిల్లీకి పాకింది. పోలీసులకు వందల ఫోన్లు వచ్చాయి. ఊహాచిత్రాలు కూడా విడుదలయ్యాయి. వచ్చిందన్న కేకలకు కంగారుపడి, మేడల మీద నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. చివరికి అలాంటి జీవి ఏదీ దొరకలేదు.

చీకటి, అర్థం కాని చప్పుడు, అప్పటికే చెవిన పడిన కథ. ఈ మూడూ కలిసి ఒక మహానగరంలోని పెద్దవాళ్లనే అంతగా భయపెట్టాయి. అలాంటప్పుడు నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో పదో అంతస్తు ఫ్లాటులో, దీపం ఆర్పగానే అమ్మను గట్టిగా పట్టుకునే రెండున్నరేళ్ల బిడ్డది మొండితనం అనుకోలేం.

ఎదుగుదలలో భాగమే

పసిపిల్లల్లో మొదట కనిపించేది కొత్త ముఖాల భయం, అమ్మానాన్నలు కనబడకపోతే కలిగే బెంగ. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి ఊహాశక్తి మొదలవుతుంది. చెంచాను ఫోనులా చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే బిడ్డ, అదే శక్తితో కదిలే కర్టెన్‌ను బూచాడిగా మార్చేస్తుంది. అంటే ఈ భయం మెదడు ఎదుగుతోందనడానికి గుర్తు.

ఇందులో కంటి పాత్ర కూడా ఉంది. మసక వెలుతురులో రంగులను, సన్నని వివరాలను పట్టే శంకు కణాలు దాదాపు పనిచేయవు. దండ కణాలు మాత్రమే పనిచేస్తాయి. అందువల్ల రూపం అస్పష్టంగా అందుతుంది. మిగిలిన ఖాళీలను మెదడు తనకు తెలిసినదానితో పూరిస్తుంది. కొక్కేనికి వేలాడే తువ్వాలు మనిషిలా కనబడేది ఇందుకే.

‘ఏమీ లేదు, పడుకో’ అంటే చాలదా? మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ హారిస్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు ఖాళీ పెట్టె చూపించి, అందులో ఒక ప్రాణి ఉన్నట్టు ఊహించుకోమన్నారు. అది ఊహేనని పిల్లలు సరిగ్గానే చెప్పారు. అయినా ఒంటరిగా ఉన్నప్పుడు, పెట్టెలో నిజంగా ఏదైనా ఉందేమోనన్న అనుమానం కొందరిని వదల్లేదు. నాలుగేళ్ల పిల్లలకే ఇలా ఉంటే, రెండేళ్ల బిడ్డకు మాటతో ధైర్యం రాదు. అనుభవంతోనే రావాలి.

కథకు మేత వేయొద్దు

‘పడుకోకపోతే బూచాడొస్తాడు’ అని తెలుగు ఇళ్లలో, ‘ఝోలీవాలా బాబా పట్టుకుపోతాడు’ అని ఢిల్లీ ఇళ్లలో బెదిరించడం అలవాటు. ఆ పూటకు బిడ్డ కళ్లు మూసుకోవచ్చు. కానీ మరుసటి రాత్రి చీకట్లో వెతుక్కోవడానికి ఒక పేరు, ఒక రూపం మనమే ఇచ్చినట్టవుతుంది. మంచం కింద చూసి ‘దెయ్యాన్ని తరిమేశాను’ అనడమూ అంతే. తరిమానంటే అంతకుముందు అది అక్కడ ఉన్నట్టే కదా! ‘భయమేసిందా? నేనిక్కడే ఉన్నాను’ అంటే భయాన్ని ఒప్పుకున్నట్టవుతుంది, బూచాణ్ని ఒప్పుకున్నట్టు కాదు.

చప్పుళ్లను మాత్రం పరిచయం చేయాలి. లిఫ్టు, జనరేటరు, వాచ్‌మన్ ఈల, చలికాలపు పెళ్లి ఊరేగింపుల టపాసులు పెద్దలకు మామూలే. బిడ్డకు అవి ఎక్కడి నుంచో వచ్చే వింత శబ్దాలు. పగటిపూట తీసుకెళ్లి ‘రాత్రి వినబడింది ఇదే’ అని చూపిస్తే సగం భయం తీరుతుంది.

మెట్టు మెట్టుగా

1924లో అమెరికా శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నారి గురించి రాశారు. బాబు ఇష్టమైనది తింటున్నప్పుడు కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకూ కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ బాబు దాన్ని నిమిరాడు. చీకటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు పగలే దుప్పటి గుడారంలో టార్చితో ఆడించాలి. గోడమీద చేతి నీడలతో కుందేలును, పక్షిని చేయాలి. టార్చి మీట బిడ్డ చేతిలోనే ఉండాలి. తల్లిదండ్రుల గదిలోనే పడుకునే ఇళ్లలో మెట్లు ఇలా ఉండొచ్చు: కొన్ని రాత్రులు చేయి పట్టుకుని, తర్వాత పక్కన కూర్చుని, ఆ తర్వాత ‘గ్లాసు వంటగదిలో పెట్టి వస్తాను’ అని ఒక్క నిమిషం వెళ్లి రావాలి. చెప్పినట్టు తిరిగి రావడమే ఇందులో కీలకం.

బొమ్మా సాయపడుతుంది. 2006 యుద్ధ సమయంలో ఇజ్రాయెల్‌లో అవీ సాదే బృందం పిల్లలకు ఒక కుక్కపిల్ల బొమ్మ ఇచ్చి, దాన్ని జాగ్రత్తగా చూసుకోమంది. ఆ పిల్లల్లో ఒత్తిడి తగ్గిందని 2008లో ప్రచురించింది. భయపడే బిడ్డ, మరొకరికి ధైర్యం చెప్పే బిడ్డగా మారింది.

దీపం ఎంత?

చిన్న దీపం భయాన్ని తగ్గిస్తుంది, పెద్ద దీపం నిద్రను చెడగొడుతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలపై అమెరికాలోని కొలరాడోలో 2018లో జరిగిన అధ్యయనంలో, పడుకునే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుగు పడితే నిద్రను సూచించే మెలటోనిన్ హార్మోను దాదాపు 88 శాతం తగ్గింది. అందుకే నేలకు దగ్గరగా, కళ్లలో పడకుండా, మసకగా ఉండే నారింజ రంగు దీపం మేలు. సెల్‌ఫోను ఆ పనికి పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి.

డాక్టరు ఎప్పుడు?

తెల్లవారుజామున లేచి ఏడ్చి, అమ్మను గుర్తుపట్టి అతుక్కుంటే అది సాధారణంగా పీడకల. దగ్గరకు తీసుకుంటే చాలు. నిద్రపోయిన మొదటి కొన్ని గంటల్లోనే కెవ్వుమని, కళ్లు తెరిచినా ఎవరినీ గుర్తుపట్టకపోతే అది గాఢనిద్రలో వచ్చే ఉలికిపాటు. బలవంతంగా లేపకుండా, దెబ్బ తగలకుండా చూస్తే దానంతటదే సర్దుకుంటుంది. ఉదయానికి బిడ్డకు ఏమీ గుర్తుండదు. గురక, ఊపిరి ఆగడం, కాళ్లూచేతులూ కొట్టుకోవడం ఉన్నా, భయం వారాల తరబడి పెరుగుతున్నా పిల్లల వైద్యులకు చూపించాలి.

చాలామందిలో ఈ భయం వయసుతో పాటే పోతుంది. అది పోయేలోగా చీకటి గురించి బిడ్డ ఏం నేర్చుకుంటుందన్నది మాత్రం పెద్దల చేతుల్లోనే ఉంది.