కోవిడు పిమ్మట వినికిడి, జ్ఞాపకము, నిలుకడ

2021వ సంవత్సరమున కోవిడు రెండవ విడత మన ఇండ్లను చుట్టుముట్టిన సంగతి తల్లిదండ్రులెవ్వరును మరచియుండరు. జ్వరము దిగినది గదా, ఇక భయము లేదని అందరమును తలచితిమి. పాఠశాల మరల తెరచిన పిదప ఒక బాలుడు ఎక్కములలో తడబడుచు, డిక్టేషను వ్రాయునపుడు ప్రక్కవాని పుస్తకము చూచుచుండెను. మేము సోమరితనమని మందలించితిమి. కొన్నాళ్ళకు తల్లి వచ్చి, "వీడికి ఎడమచెవి సరిగా వినబడడం లేదండీ, మెట్లు దిగుతుంటే తూలుతున్నాడు" అని చెప్పినది. మాకు మిక్కిలి సిగ్గు కలిగినది. ఈ పాఠమునకు అదియే కారణము.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన కర్ణావర్తము వినుటకై యున్నది. దానినంటియే మూడు అర్ధవృత్తాకార నాళికలు గలవు. తల కదలినపుడు వానిలోని ద్రవము కదలగా, రోమములవంటి కొనలు గల సూక్ష్మకణములు ఆ వార్తను నాడిద్వారా మెదడున కందించును. గౌతమిలో పడవ ఒరిగినపుడు కండ్లు మూసికొన్నను మన కది తెలియుట వీనివలననే. వినికిడి, నిలుకడ ఒకే ఇంట కాపురమున్నవి గనుక ఒక్కొక్కప్పుడు రెండును కలిసియే చెడును. కోవిడు వైరసు ఈ రోమకణములకు సోకగలదని 2021లో అమెరికాలోని మసాచుసెట్సు పరిశోధకులు మానవ కణజాలముపై చూపిరి.

జ్ఞాపకము మాట వేరు. 2022లో బ్రిటనులో ప్రకటితమైన పరిశోధనలో, వ్యాధి సోకిన 401 మంది మెదడు చిత్రములను పూర్వపు చిత్రములతో పోల్చగా, కొన్ని భాగములు స్వల్పముగా తగ్గినట్లు తేలినది. వారందరును 51 ఏండ్లు దాటినవారు. పిల్లల కది అన్వయించదు. అయినను వినుటకే శ్రమపడు పిల్లవానికి గుర్తుంచుకొనుటకు శక్తి యెక్కడ మిగులును?

ప్రతి చెవిబాధయు కోవిడువలన కలిగినది కాదు. గుబిలి, చీము, రక్తహీనత మున్నగునవి ముందు చూడవలెను. వేరే కారణము కానరాక, బాధలు కనీసము రెండు నెలలు నిలిచినపుడే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని కోవిడు అనంతర స్థితి యన్నది. హఠాత్తుగా చెవి వినబడకున్నచో మాత్రము ఒక్కదినమైనను ఆగరాదు. మొదటి రెండు వారములలో మందు బాగుగ పనిచేయును. చెవిలో కాచిన నూనె పోయు అలవాటు మన ఊళ్ళలో ఇంకను పోలేదు, దయచేసి మానుడు.

వైద్యునికి చెప్పు మాట స్పష్టముగ నుండవలెను. గది తిరిగినట్లున్నదా, కండ్లు బైర్లు క్రమ్ముచున్నవా, నడకలో తూలుచున్నదా? ఈ మూటికిని కారణములు వేరు. తమిళమెరిగిన వైద్యునియొద్ద మనవారు మూటిని కలిపి "తల తిరుగుతోంది" అని ఊరకుందురు. 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైన జిప్మరు వైద్యకేంద్రము యానాములోనే యున్నది. పోవునపుడు మాటలు ముందుగ కూర్చుకొని పొండు.

తూలు పిల్లవానిని మంచముపైననే ఉంచరాదు. వైద్యుడు నేర్పిన తల కదలికలు, నడక అభ్యాసములవలన మెదడు నిలుకడను మరల నేర్చుకొనును. అంతవరకు గోదావరిలో ఈతయు, ఒంటరి సైకిలు ప్రయాణమును వలదు.

ఆ బాలుడిప్పుడు మొదటి బల్లపై, కుడిచెవి ఉపాధ్యాయుని వైపుండునట్లు కూర్చుండుచున్నాడు. మీ బిడ్డకు ఏ చెవి మందమో చేర్చునాడే మాకు తెలుపుడు.