పీల్చే మందుకు పరీక్ష

పడిశానికి మందు పుచ్చుకొంటే వారం, పుచ్చుకోకుంటే ఏడు రోజులు అని మన పెద్దలు వేళాకోళమాడుతుంటారు. వైద్య పరిశోధనలోని పెద్ద చిక్కు ఈ వేళాకోళంలోనే ఇమిడి ఉంది. తనంతట తానే తగ్గే వ్యాధి తగ్గినప్పుడు ఆ కీర్తి మందుకు చెందునా, కాలానికి చెందునా?

2020లో కోవిడ్ తొలి నెలల్లో, ఆసుపత్రులలో చేరినవారిలో ఉబ్బస రోగులు (ఉర్దూ విభాగపు మిత్రులు ‘దమా’ అంటారు) ఊహించినంత మంది లేరని చైనా నివేదికలు తెలిపాయి. వారు నిత్యం పీల్చే స్టిరాయిడ్ మందే వారిని కాపాడుతున్నదేమోనని కొందరు వైద్యులకు తోచింది. ఆక్స్‌ఫర్డ్‌లో 146 మందితో ‘స్టోయిక్’ అను పరీక్ష జరిగింది. బ్యుడెసొనైడ్ పీల్చిన 73 మందిలో ఇద్దరికి, పీల్చని 73 మందిలో 11 మందికి అత్యవసర వైద్యం కావలసి వచ్చింది. ‘ప్రిన్సిపుల్’ అను మరొక పరీక్షలో పెద్ద వయసువారు సుమారు 3 రోజులు ముందుగా కోలుకొన్నట్లు చెప్పారు. 2021 ఏప్రిల్‌లో మన దేశపు చికిత్సా సూచనలలోను ఈ మందు చేరింది. జ్వరమో దగ్గో 5 రోజులు దాటినచో రోజుకు రెండుసార్లు 800 మైక్రోగ్రాముల చొప్పున 5 రోజులు పీల్చవలెనని అందులో ఉంది.

అయితే ఆ రెండు పరీక్షలలోను ఎవరు మందు పీలుస్తున్నారో వారికి తెలుసు. చేతిలో ఇన్‌హేలరు ఉన్నవాడు ‘నాకు నయమైంది’ అని ఒక రోజు ముందే అనవచ్చు; ఏమీ దొరకనివాడు దిగులుతో ఆసుపత్రికి పరుగెత్తవచ్చు. ఈ దోషాన్ని ఎట్లు తొలగించుట? దూరం పోనక్కరలేదు. మన పంజాగుట్ట నిమ్స్‌లో 2020 జూలైలో కోవాక్సిన్ తొలి దశ పరీక్ష జరిగింది. దేశమంతటా 375 మంది వాలంటీర్లలో 75 మందికి వైరస్ అంశ లేని సూది వేశారు. ఎవరికి ఏది పడినదో వేయించుకొన్నవారికీ తెలియదు, వేసినవారికీ తెలియదు.

అమెరికాలో ‘యాక్టివ్-6’ పరీక్ష ఈ పద్ధతిలోనే నడిచింది. 1,277 మందిలో ఇంచుమించు సగం మంది ఫ్లూటికసోన్ పీల్చారు, మిగిలినవారు మందు లేని ఉత్త పొడి పీల్చారు. 2023లో ఫలితం వెలువడింది: కోలుకొను కాలంలో తేడా లేదు. మందు వేరు, రోగులలో పలువురు టీకా వేయించుకొన్నవారు. కనుక బ్యుడెసొనైడ్‌పై ఇదే తుది తీర్పు అని మేము అనము. కాని తొలి ఆశ సన్నగిల్లినదని అనక తప్పదు.

ఇది పండితుల వాదమే అనుకోరాదు. డెక్సామెథసోన్ ఆక్సిజన్‌పై ఉన్న రోగుల ప్రాణాలు నిలిపింది. ఆక్సిజన్ అక్కరలేనివారికి మేలు చేయలేదు. ఈ సంగతి 2020లోనే తేలినా, 2021లో స్వల్ప జ్వరానికే స్టిరాయిడ్ మాత్రలు మింగినవారెందరో! మధుమేహంతో పాటు ఆ మాత్రలు కూడా నల్ల ఫంగస్‌కు దారి తీశాయి. ఆ మే నెలలో కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఆ రోగులకే కేంద్రమైంది. పీల్చే మందు మోతాదు మాత్రకంటె చాలా స్వల్పం. రెంటినీ ఒక గాట కట్టరాదు.

ఉబ్బస రోగులు మాత్రం పై మాటలు చదివి తమ ఇన్‌హేలరు మానరాదు. పీల్చిన పిదప నీటితో నోరు పుక్కిలించి ఉమ్మివేయవలె. లేకున్న నోటిలో తెల్లని పూత ఏర్పడవచ్చు.