చర్మం మీద వల – మెదడుకు ముప్పు : స్నెడాన్ జబ్బు గురించి నాలుగు మాటలు



డిసెంబరు చలిలో తెల్లవారుజామున తొట్టి నీళ్ళతో స్నానం చేసి వణుకుతూ వచ్చినప్పుడు, తొడల మీద, చేతుల మీద ఊదారంగు గీతలు వల అల్లినట్లు కనబడటం మన హాస్టల్లో అందరికీ తెలిసిందే. కాసేపు ఎండలో నిలబడితే అవి పోయేవి. నవ్వుకుని బడికి వెళ్ళిపోయేవాళ్ళం. ఆ వల ఎందుకు వస్తుందో, ఎప్పుడు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదో బయోకెమిస్ట్రీ పీజీలో చేరాక గాని మాకు తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. అందుకే తెలిసింది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

వల ఎలా ఏర్పడుతుంది?

చర్మం లోపలి నుండి చిన్న చిన్న ధమనులు నిలువుగా పైకి వస్తాయి. ఒక్కో బోరు తన చుట్టూ ఉన్న మడులకు నీరు పెట్టినట్లు, ఒక్కో ధమని తన చుట్టూ కొంత చర్మానికి రక్తం అందిస్తుంది. మధ్య భాగానికి మంచి రక్తం ముందు అందుతుంది. రక్తం నెమ్మదిస్తే అంచుల్లోని సిరల్లో ప్రాణవాయువు తగ్గిన నల్లని రక్తం నిలుస్తుంది. ఆ అంచులన్నీ కలిసి పైకి వలలా కనబడతాయి.

అన్ని వలలూ ఒకటి కావు

1. చలి వల: గళ్ళు పూర్తిగా మూసుకుని, అన్నీ ఒక తీరుగా ఉంటాయి. ఒళ్ళు వెచ్చబడగానే పోతుంది. భయం లేదు.

2. సెగ వల: రోజూ పొయ్యి దగ్గర, కుంపటి దగ్గర కూర్చునేవారికి సెగ తగిలిన చోట గోధుమరంగు వల పడుతుంది. సెగకు దూరంగా ఉంటే చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది.

3. తెగిన వల: గళ్ళు పూర్తికాకుండా విరిగినట్లు, వంకరటింకరగా ఉంటాయి. కాళ్ళు చేతులతో పాటు పిరుదుల మీద, నడుము మీద, వీపు మీద కూడా కనబడవచ్చు. వెచ్చబడినా పోదు. దీన్ని వైద్యులు లివిడో రాసిమోసా అంటారు. జాగ్రత్త పడవలసింది దీని గురించే.

పుస్తకాల్లోని బొమ్మలు ఎక్కువగా తెల్లవారి చర్మానివి. వాటిలో వల ఎర్రగానో నీలంగానో ఉంటుంది. మన చామనఛాయ, నల్లని చర్మం మీద అది ముదురు గోధుమ లేక ఊదారంగులో ఉండి సరిగా కనబడదు. పగటి వెలుతురులోనే చూడాలి.

స్నెడాన్ గమనించినది

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఇయాన్ స్నెడాన్ అనే చర్మవైద్యుడు ఉండేవారు. ఈ తెగిన వలతో పాటు మెదడులో రక్తనాళాల దెబ్బ కూడా ఉన్న ఆరుగురు రోగుల గురించి ఆయన 1965లో రాశారు. చర్మం ఒక డాక్టరు చూసేది, పక్షవాతం మరో డాక్టరు చూసేది. ఆ రెండూ ఒకే జబ్బు అని చూపడమే ఆయన చేసిన మేలు. చిన్న, మధ్యరకం ధమనుల లోపలి పొర మందమై దారి మూసుకుపోవడం చర్మంలోనూ, మెదడులోనూ జరుగుతుంది.

ఇది చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో నలుగురికి వస్తుందని అంచనా. ఎక్కువగా ఆడవాళ్ళకు, అదీ ఇరవై నుండి నలభై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. తలనొప్పి, తల తిరగడం, రక్తపోటు, గర్భస్రావాలు, మతిమరుపు తోడు కావచ్చు. కొందరి రక్తంలో గడ్డకట్టే గుణం పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. ముఖ్యమైన మాట ఏమిటంటే, చర్మం మీద వల చాలామందిలో పక్షవాతానికి ఏళ్ళ ముందే కనబడుతుంది.

పిల్లల్లో కూడా ఇలాంటి జబ్బు ఒకటి ఉంది. పదేపదే జ్వరాలు, ఇలాంటి వల, చిన్న వయసులోనే పక్షవాతం వచ్చే కొన్ని కుటుంబాల్లో ఏడీఏ2 అనే జన్యువులో లోపం ఉందని 2014లో కనుగొన్నారు. దానికి పనిచేసే మందులు ఉన్నాయి.

మా ఇంటి సంగతి

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా మేనత్తకు ఒక ఉదయం మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. ఆమెకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. గాలి సోకిందన్నారు. పావురం రక్తం తెచ్చి చేతికి పూశారు. ఆసుపత్రికి చేరేసరికి మూడో రోజు. అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయిందని అక్కడ ఎవరూ అడగలేదు, మా వాళ్ళూ చెప్పలేదు. ఆమె పిక్కల మీద ఎండాకాలంలోనూ వల ఉండేదని మా అమ్మకు గుర్తు. అది ఈ జబ్బేనని మేము అనలేము, పరీక్ష ఏదీ జరగలేదు. కాని చర్మం సంగతి, కడుపు సంగతి, తలనొప్పి సంగతి ఒక్క డాక్టరు ముందు ఒకేసారి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అత్త ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటుంది.

మనం ఏమి చేయాలి?

1. వెచ్చబడినా పోని తెగిన వల ఉంటే చర్మవైద్యులకు చూపించండి. సిగ్గుపడి దాచవద్దు. అవసరమైతే చర్మం ముక్క తీసి పరీక్షిస్తారు. రక్తపరీక్షలు, మెదడుకు ఎంఆర్ఐ చేయిస్తారు.

2. ఇంట్లో ఆడవాళ్ళకు గర్భస్రావాలు, చిన్న వయసులో పక్షవాతం జరిగి ఉంటే అడగకపోయినా చెప్పండి.

3. ఈ జబ్బు ఉన్నవారు పొగాకు మానాలి. గర్భనిరోధక మాత్రలు డాక్టరును అడగకుండా వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు సొంతంగా మొదలుపెట్టకూడదు, మానకూడదు.

4. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నోట్లో నీళ్ళు, మందులు పోయవద్దు.

చెల్లెళ్ళారా! చలికి వచ్చిన ప్రతి వలకూ బెదిరిపోకండి. రేపు ఉదయం స్నానం చేశాక ఎండలో నిలబడి చూడండి. పోతే నవ్వుకుని బడికి వెళ్ళండి. పోకపోతే వార్డెన్ మేడమ్‌కు చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ కాళ్ళు కూడా ఒకసారి చూడండి. మన ఇళ్ళల్లో ఆ పని చేయగలిగేది చదువుకుంటున్న మనమే.