పరిపూర్ణ కాలము – విడుదల

పాఠ్యభాగములు: గలతీ 4:1–7, 21–31, 5:1, ఆదికాండము 16, లూకా 13:10–17

దేవుని సమయమును గూర్చి ధ్యానింపవలెననిన విశ్వాసులు సామాన్యముగా ప్రసంగి మూడవ అధ్యాయమును తెరచెదరు. అయితే సమయమును, స్వాతంత్ర్యమును ఒకే ముడిగా కట్టిన భాగము గలతీయులకు వ్రాయబడిన పత్రికలో నాలుగవ అధ్యాయము. అక్కడ అపొస్తలుడైన పౌలు ఒక గృహమును మన కన్నుల యెదుట నిలుపుచున్నాడు. యజమానుని కుమారుడు పసివాడు. ఆస్తి అంతయు అతనిదే; అయినను దానిలో కొంచెమైనను తన యిష్టప్రకారము వాడుకొనలేడు. సంరక్షకులు లెమ్మనిన లేవవలెను, కూర్చుండుమనిన కూర్చుండవలెను. చూచువారికి ఆ బాలునికిని ఆ యింటి దాసునికిని భేదము కనబడదు. ఈ స్థితి ఎంతకాలము? ఆ గడువును నిర్ణయించువాడు సంరక్షకుడు కాడు, బాలుడును కాడు, తండ్రియే.

గడువు వచ్చిన దినమున ఆ బాలుడు క్రొత్తగా కుమారుడగుట లేదు. కుమారుడు గనుకనే అతని నిమిత్తము గడువు పెట్టబడినది. కనిపెట్టుచున్న దినములలో సహితము అతడు వారసుడే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణమున నివసించు తెలుగు కుటుంబములకు ఈ భేదమును వేరుగా వివరింపనక్కర లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని పెద్ద జంక్షనుగా చేసెను; 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రముగా నున్నది. రాయపూరు–విజయనగరము మార్గము 1931లో పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రకును ఆ సీమకును రాకపోకలు సులభమయ్యెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి పనికొరకు వెళ్లి, ఛత్తీస్‌గఢ్ రైల్వే కాలనీలలో తరతరములుగా స్థిరపడినవారు అనేకులు. క్యాజువల్ కూలీగా చేరి, స్క్రీనింగు పిలుపుకొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచిన తండ్రులును తాతలును రైల్వేవారి యిండ్లలో అరుదు కారు. ఆ ఎదురుచూపులో ఒక భయముండెడిది. పర్మనెంటు కాకమునుపు అతని పేరు ఏ దినమైనను మస్టరునుండి కొట్టివేయబడవచ్చును. వారసుని నిరీక్షణ అట్టిది కాదు. అతని పేరును కొట్టివేయు మస్టరు లేదు. ప్రార్థనకు జవాబు ఆలస్యమైనప్పుడు విశ్వాసి క్యాజువల్ కూలీవలె వణకుచుండునా, వారసునివలె ఎదుగుచుండునా అనునదే ఈ పాఠములోని మొదటి ప్రశ్న.

క్రీస్తు రాకకు కాలము పరిపూర్ణమగుటను గూర్చి వ్యాఖ్యాతలు రోమా బాటలను, గ్రీకు భాషావ్యాప్తిని చెప్పుట కలదు. అవి నిజమే గాని పౌలు వాటిని ఎత్తనైన లేదు. కుమారుడు స్త్రీ కడుపున పుట్టెననియు, ధర్మశాస్త్రమునకు లోబడినవాడాయెననియు అతడు చెప్పుచున్నాడు. అనగా విడిపించువాడు మన నిరీక్షణకు వెలుపల నిలువక దానిలోనికే వచ్చెను. బోధింప మొదలుపెట్టునాటికి ఆయనకు రమారమి ముప్పది యేండ్లని లూకా తెలుపుచున్నాడు.

అదే అధ్యాయములో పౌలు హాగరును గూర్చి మాటలాడుట కాకతాళీయము కాదు. అబ్రాము కనానులో పదేండ్లు కాపురముండిన పిమ్మట శారయి ఓర్పు నశించెను. వాగ్దానము దేవునిదే, త్వర మాత్రము వారిది. అబ్రాము ఎనుబదియారేండ్లవాడై యుండగా ఇష్మాయేలు పుట్టెను. ఇస్సాకు పుట్టుటకు ఇంకను పదునాలుగేండ్లు పట్టెను. ఆ త్వరకు వెల చెల్లించినది శారయి కాదు, ఐగుప్తీయురాలైన దాసి. ఆమె అరణ్యమునకు పారిపోగా యెహోవా దూత నీటి బుగ్గయొద్ద ఆమెను కనుగొని, పేరుపెట్టి పిలిచెను. దేవుని గడియారమును ముందుకు త్రిప్పబోయినవారి చేతిక్రింద ఎవరో ఒక బీదరాలు నలుగుచుండును.

వెనుకకు త్రిప్పినను అంతే. రవీంద్రనాథ్ ఠాకూర్ 1918లో ప్రకటించిన ‘పలాతకా’ సంపుటములో బిలాస్‌పూర్ స్టేషనును గూర్చిన ‘ఫాంకి’ అను గీతమున్నది. రోగియైన బిను అను యువతి భర్తతో ప్రయాణమగుచు, బండి మారుటకై అక్కడ ఆరు గంటలు కనిపెట్టవలసి వచ్చెను. ఆ వేళ రుక్మిణి అను కూలివాని భార్య తన కుమార్తె వివాహమునకు ఇరువదియైదు రూపాయలు కావలెనని చెప్పుకొనగా, ఇమ్మని బిను భర్తను వేడెను. అతడు సరేయని, చాటుకు పిలిచి, బెదరించి, రెండు రూపాయలు మాత్రము చేతిలో పెట్టెను. రెండు నెలలకు బిను మరణించెను. అతడు ఒంటరిగా తిరిగివచ్చి రుక్మిణికొరకు స్టేషనంతయు వెదకెను. వారు ఎక్కడికో వెళ్లిపోయిరి. అప్పు తీర్చుటకు మనస్సుండెను, సొమ్ముండెను. సమయము మాత్రము లేకపోయెను. ఆ మనుష్యుడు స్వతంత్రుడని ఎవరు చెప్పగలరు? తన చేతనే తాళము వేసికొన్న చెర అది. ధర్మశాస్త్రము అతని నేరమును చూపగలదు గాని విప్పలేదు. అట్టివారిని వెలయిచ్చి విడిపించుటకే కుమారుడు వచ్చెనని పౌలు సాక్ష్యము.

కాగా ‘దేవుని సమయము’ అను మాటను తన ఆలస్యమునకు ముసుగుగా వేసికొనువారు సంఘములో లేకపోలేదు. పనివాని జీతము బిగబట్టి, ఓర్పును గూర్చి అతనికే బోధించుట కలదు. ఇవ్వవలసినది చేతనుండగా రేపు రమ్మని పొరుగువానితో చెప్పకూడదని సామెతలు మూడవ అధ్యాయము హెచ్చరించుచున్నది. మన సొంత విడుదలకొరకు ఓపికతో కనిపెట్టుట విశ్వాసము. ఎదుటివాని విడుదలను మన చేతులతో ఆపి ఓపికపట్టుమనుట వేరొక సంగతి.

ఈ రెంటికిని మధ్యనున్న గీటును లూకా పదుమూడవ అధ్యాయములో ప్రభువే గీచెను. పదునెనిమిది యేండ్లు నడుము వంగిపోయిన స్త్రీ విశ్రాంతి దినమున సమాజమందిరములో నుండెను. వారములో పనిదినములు ఆరున్నవి, ఆ దినములలో వచ్చి స్వస్థత పొందుడని సమాజమందిరపు అధికారి జనులతో చెప్పెను. వినుటకు న్యాయముగానే తోచును: పదునెనిమిది యేండ్లు ఓర్చినది, ఇంకొక రాత్రి ఓర్వలేదా? ప్రభువు ఆ మాటను అంగీకరింపలేదు. ఎద్దునైనను గాడిదనైనను ఆ దినమున విప్పి నీళ్లకు తోలుకొనిపోవుదురే, అబ్రాహాము కుమార్తెను విప్పుటకు రేపటివరకు ఆగవలెనా అని ఆయన అడిగెను. ఆమె వంగియున్న దినములలోను అబ్రాహాము కుమార్తెయే. ఆమె తన్ను బాగుచేయుమని అడిగినట్లు లూకా వ్రాయలేదు. ఆయనే చూచి పిలిచి ఆమెమీద చేతులుంచెను. వెంటనే ఆమె నిటారుగా నిలిచి, అధికారి కోపము చల్లారకమునుపే దేవుని స్తుతింప మొదలుపెట్టెను.