దాసోహమునకు ముందటి పని

దాసోహమనగానే విస్తరియు, వడ్డనయు మన కన్నులకు గట్టును. వడ్డనకు ముందు జరుగవలసిన పనిని గూర్చి మన సభలలో చెప్పువారు అరుదు. నిలువ నీడలేక వీధులలో నిద్రించువారికి అన్నము పెట్టబూనిన యువకులకు మొదట బోధపడవలసినది ఈ పనియే.

అయిదక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము మన యిండ్లలో చెప్పుకొనునదే. 12వ శతాబ్దమున కల్యాణమందు మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గైకొనెను. ఒకనాడు వాడుకకంటె ఎక్కువ తేగా, లక్కమ్మ దానిని తిరిగి అక్కడనే చల్లి రమ్మనెను. ఇందు నిరాశను, నిష్ఠను పెద్దలు చూపిరి. నాకు మాత్రము ఆ తల్లి లెక్క కూడ కనబడును. ఎంత కావలెనో ముందుగా నెరుగని యిల్లాలు ఎక్కువను ఎక్కువయని యెట్లు గుర్తించును?

మనకును ఆ లెక్క కావలెను. లెక్క తప్పినచో వరుసలో చివరనున్న ముసలివానికి ఆకలియే మిగులును. అది పగటిపూట దొరకునది కాదు. కూలికో, యాచనకో పోయినవారు రాత్రి పది దాటిన పిదపనే తమ చోటు చేరుదురు. కావున వారము ముందే ఇద్దరు ముగ్గురు కలిసి బస్సు స్టాండు, రైల్వే స్టేషను, వంతెనల క్రింది భాగము, పెద్దాసుపత్రి ఆవరణ తిరిగి చూడవలెను. ఉత్తచేతులతో పోవుటయే మేలు. సంచి కనబడిన గుంపు చేరును. వృద్ధులెందరు, పసిపిల్లలెందరు, గాయపడినవారు ఏ మూలనున్నారు అని పుస్తకమున వ్రాసికొనవలెను. ఆసుపత్రి వద్ద పరుండువారిలో అనేకులు రోగుల బంధువులు. వారిని వేరుగా లెక్కింపవలెను. నిద్రించువానిని లేపి పేరడుగుట తగదు.

2011 జనగణనలో దేశమున సుమారు 17 లక్షల 70 వేలమంది ఇల్లు లేనివారుగా లెక్కకు వచ్చిరి. లక్ష పట్టణ జనాభాకు నూరుమంది తలదాచుకొనదగిన ఆశ్రయమొకటి యుండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించినది. మన పట్టణమున అట్టిది ఎక్కడ నున్నది, రాత్రి ఎన్ని గంటలవరకు చేర్చుకొందురు, స్త్రీలకు వేరు గది కలదా? మునిసిపల్ కార్యాలయమున ఇవి ముందే విచారింపనిచో మన సాయము ఆ పూట అన్నముతోనే ఆగిపోవును.

ఇక వంట. కిలో బియ్యము ఇంచుమించు ఎనిమిదిమందికి వచ్చును. పెరుగన్నము వేసవిలో త్వరగా పులియును. పులిహోర నిలుచును గాని, అందలి వేరుసెనగ గింజలను పండ్లు లేనివారు నమలలేరు. వారికి మెత్తని పొంగలి వేరుగా వండవలెను. వేడి అన్నమును ప్లాస్టిక్ సంచులలో కట్టక అడ్డాకులలో కట్టుట మంచిది. త్రాగునీటిని మరచువారే ఎక్కువ.

కంబళ్ల మాట యందురా, చలి ముదిరిన పిదప బజారునకు పరుగెత్తుటకంటె ఆశ్వయుజముననే పుస్తకములోని సంఖ్య చూచి కొని యుంచుట సులువు.