జర్మనీ సెమిస్టర్ గురించి బుజ్జికి

చి. బుజ్జికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "కాలేజీవాళ్లు బుజ్జిని ఆరో సెమిస్టర్‌కి జర్మనీ పంపిస్తారట అన్నయ్యా. ఎలాగూ బీటెక్ అవగానే ఎమ్మెస్‌కి పోతానంటోంది, మళ్లీ వచ్చేసేదానికి ఇప్పుడీ ఖర్చు దేనికి?" అని. వాడి లెక్క వాడిది. నాకైతే ఆ మళ్లీ రావడంలోనే దీని విలువంతా ఉందనిపిస్తుంది.

ఎమ్మెస్‌కి వెళ్లినవాళ్లు చాలావరకు వెళ్లినట్టే. తప్పు పట్టడం లేదు, మన చుట్టాల్లో సగంమంది డల్లాస్‌లోనే ఉన్నారు. కాలేజీల మధ్య రాకపోకల సంగతి వేరు. కాన్పూర్ ఐఐటీ కథ నీకెవరూ చెప్పి ఉండరు. 1962 నుంచి పదేళ్లపాటు అమెరికాలోని తొమ్మిది యూనివర్సిటీలు కలిసి ఆ సంస్థకు సాయపడ్డాయి. అక్కడి ప్రొఫెసర్లు వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పారు, ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లొచ్చారు. 1963లో ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. దానితోపాటే కంప్యూటర్ రంగంలో మహామహుడైన హ్యారీ హస్కీ వచ్చి పనిచేశాడు. విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసిన వి. రాజారామన్ కాన్పూర్‌లో చేరి, ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతూ చెబుతూ 1969లో పుస్తకం వేశారు. కంప్యూటర్‌ని కంటితో చూడని కాలేజీల్లో కూడా మా తరంవాళ్లు ఆయన పుస్తకాలు చదివే ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు. అమెరికావాళ్లు ఇచ్చిన మెషీన్ కొన్నేళ్లకే పాతబడింది. పాఠం మాత్రం ఊరూరా తిరిగింది.

అందుకే నన్నడిగితే స్టూడెంట్ వెళ్లడం కన్నా లెక్చరర్ వెళ్లడం ఎక్కువ లాభం. నువ్వు వెళ్తే బాగుపడేది నువ్వూ, నీ రూమ్మేట్లూ. మీ సార్ ఒక ఏడాది అక్కడి ల్యాబ్‌లో పనిచేసి వస్తే ఆయన రిటైరయ్యేదాకా వచ్చే ప్రతి బ్యాచీ బాగుపడుతుంది. 1959లో మొదలైన మద్రాస్ ఐఐటీకి పశ్చిమ జర్మనీ ప్రొఫెసర్లనీ, ల్యాబ్ సామగ్రినీ పంపడమే కాదు, ఇక్కడి అధ్యాపకులనీ టెక్నీషియన్లనీ తమ దేశానికి పిలిపించి శిక్షణ ఇచ్చింది. టెక్నీషియన్లని కూడా! మన కాలేజీల్లో ఆ మాట ఎత్తేవాడే లేడు. లక్షలు పోసి కొన్న మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంచడం నేను ఎన్ని చోట్ల చూశానో చెప్పలేను.

ఇక నీ సంగతి. ముందు మీ ఎక్స్ఛేంజ్ ఆఫీసుకెళ్లి అడుగు: జర్మనీ కాలేజీతో ఉన్న ఈ ఒప్పందం కింద ఇంతకుముందు ఎవరు వెళ్లారు, అక్కడి నుంచి ఎవరొచ్చారు? శాలువాలు కప్పుకుని ఫొటో దిగిన ఎంవోయూలు ప్రతి కాలేజీ గోడ మీదా ఉంటాయి. వెళ్లొచ్చిన సీనియర్ ఒక్కరు దొరికినా చాలు, కూర్చోబెట్టి అన్నీ అడుగు.

తర్వాత క్యాలెండర్. అక్కడి సమ్మర్ సెమిస్టర్ కాగితాల మీద ఏప్రిల్ 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. క్లాసులు ఏప్రిల్ మధ్య నుంచి జులై దాకా, ఆ తర్వాత పరీక్షలు. కొన్ని పేపర్లు సెప్టెంబరు దాకా జరుగుతాయి. ఇక్కడ మీ ఏడో సెమిస్టరూ, ప్లేస్‌మెంట్లూ జులైలోనే మొదలు. కాబట్టి పరీక్ష తేదీ ముందుగా వచ్చే సబ్జెక్టులే ఎంచుకో. ఆరో సెమిస్టర్ ఇక్కడ చదవవు కనక జనవరి నుంచి మార్చి దాకా నీకు ఖాళీ. ఆ మూడు నెలలూ హైదరాబాద్ గోథే సెంట్రమ్‌లో జర్మన్ నేర్చుకో. పాఠాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నా, ల్యాబ్‌లో టీ తాగేటప్పుడు మాట్లాడుకునేది జర్మనే.

క్రెడిట్ల గొడవ ఇప్పుడే తేల్చుకో. అక్కడ సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే చదువూ, ల్యాబూ, పరీక్షా కలిపి 25 నుంచి 30 గంటల పని. ఏ సబ్జెక్టు మన దగ్గర దేని కింద లెక్కకొస్తుందో రాసి, రెండు వైపులా సంతకాలు చేసిన లెర్నింగ్ అగ్రిమెంట్ చేతికొచ్చాకే టికెట్ కొను. మార్కులు మార్చే పద్ధతి కూడా అందులో రాయించు. అక్కడ 1.0 అంటే ఫస్ట్, 4.0 అంటే బొటాబొటి పాస్, 5.0 అంటే ఫెయిల్. 1.3 వచ్చిందని నువ్వు సంబరంగా ఫోన్ చేస్తే మీ అమ్మ ఆ పూట అన్నం తినదు. ముందే చెప్పి ఉంచు.

డబ్బు మాట మీ నాన్నకి నేను చెబుతాను. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ మళ్లీ అడగరు. సెమిస్టర్ చందా, విమానం, ఇన్సూరెన్స్, గది, తిండి మాత్రం మనవే. స్కాలర్‌షిప్ లేకపోతే వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకు 992 యూరోల చొప్పున చూపించాలి. ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క, నువ్వు అప్లై చేసేనాటికి ఎంతుందో చూసుకో.

క్లాసు టైమ్‌టేబుల్‌లో పది గంటల పక్కన "సి.టి." అని ఉంటే పదింపావుకి మొదలని అర్థం. పాఠం అయ్యాక పిల్లలు చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద టకటకా కొడతారు. భయపడకు, అది మెచ్చుకోలే. చాలా లెక్చర్లకి అటెండెన్స్ తీసుకోరు. నీ విషయంలో నాకు బెంగ అక్కడే. ఇక్కడ 75 శాతం కోసం వెళ్లే నువ్వు, అక్కడ ఎవరూ అడగకపోయినా వెళ్లాలి. ప్రొఫెసర్‌కి విద్యార్థులను కలిసే గంట ఉంటుంది. మెయిల్ పెట్టి వెళ్లు, ప్రశ్న రాసుకుని వెళ్లు. "సార్" అని లేచి నిలబడి తల ఊపి వచ్చేయకు. ఆయన చెప్పినదాంట్లో తేడా కనిపిస్తే ఆ మాటే చెప్పు. అక్కడ అది మర్యాదే.

ఇంకొకటి. ఈ ఏడాది అక్కడి నుంచి మీ హాస్టల్‌కి వచ్చే పిల్లలుంటే వాళ్లతో పరిచయం పెంచుకో. సిమ్ కార్డుకీ, విదేశీయుల రిజిస్ట్రేషన్‌కీ తిరగడానికి వాళ్లకి తోడు కావాలి. రేపు నీకూ అక్కడ గది వెతకడానికి మనిషి కావాలి. సెలవులకి వాళ్లని మనింటికీ తీసుకురా. మీ పెద్దమ్మ పప్పులో కారం తగ్గిస్తానంటోంది, నమ్మకం లేదు గానీ.

ఆ లెర్నింగ్ అగ్రిమెంట్ నమూనా దొరికితే వాట్సాప్‌లో పంపు. నింపే ముందు నేనోసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న